పేరొచ్చాక పాత జట్టు: వెంట తీసుకెళ్లాలా, ఊళ్లో వదిలెయ్యాలా?

మొన్న వినాయక చవితికి పాలకొల్లు దగ్గర ఒక పందిట్లో మా పాత గాయకుడు పాడాడు. పదకొండేళ్లు అతని పక్కన నిలబడి కీబోర్డు వాయించినవాణ్ణి, ఈసారి ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విన్నాను. స్టేజీ మీద ఆర్కెస్ట్రా లేదు. ఒక ల్యాప్‌టాప్, ఒక పెన్‌డ్రైవ్, అతనూ. టీవీ పాటల పోటీతో పేరొచ్చినప్పటి నుంచి ఎక్కడికెళ్లినా ముందే రికార్డు చేసిన ట్రాక్ మీదే పాడుతున్నాడు. రెండో చరణంలో పై స్థాయికి వెళ్లినప్పుడు శ్రుతి జారింది. మేముంటే ఎలాగోలా సర్దేసేవాళ్లం. డోలక్ వాడు తాళం ఇంకో చుట్టు లాగి, ఊపిరి తీసుకునే సందు ఇచ్చేవాడు. పెన్‌డ్రైవ్ ఎవరి కోసమూ ఆగదు కదా.

పాట అయ్యాక సెల్ఫీల గుంపులోంచి నన్ను చూసి, "బావా, ఎలా ఉంది?" అన్నాడు.

"అదిరింది" అన్నాను.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. పాత రోజుల్లో అయితే రాత్రి రెండింటికి వ్యాన్‌లోనే తగువు మొదలయ్యేది. "ఎక్కడ జారావో తెలుసా?" అని నేను, "నువ్వు శ్రుతి ఎక్కువ పెట్టావు" అని అతను. భీమవరం వచ్చేదాకా అదే గోల. ఆ మాట ఈసారి నా నోట ఎందుకు రాలేదా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

రేవులు దాటి బతికిన ఊళ్లు కాబట్టి మాకు ఒక సామెత నోట్లోనే ఉంటుంది: ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య. పేరొచ్చిన ప్రతి గాయకుణ్ణీ ఆ సామెతతోనే కొడతారు. మా జట్టులో జరిగింది చూశాక నాకది సగమే నిజం అనిపిస్తోంది.

మొదట, వెంట తీసుకెళ్లడం. వినడానికి ఇంతకంటే మంచి పని లేదు. మావాడూ అదే చేశాడు. హైదరాబాద్ వెళ్తూ డోలక్ వాణ్ణీ, ప్యాడ్స్ వాయించే కుర్రాణ్ణీ తీసుకెళ్లాడు. ఊళ్లో అందరం మెచ్చుకున్నాం. అయితే ఇక్కడున్నప్పుడు మాది వాటాల లెక్క. వచ్చిన డబ్బులో వ్యాను ఖర్చు తీసేసి, మిగిలింది తలా ఒక వాటా, వాయిద్యాలూ మైకులూ ఎవరివైతే వాళ్లకి ఇంకో వాటా. అక్కడికెళ్లాక అది ప్రోగ్రాంకి ఇంత అనే కూలి అయింది. మొత్తం మీద ఎక్కువే వచ్చేది, అబద్ధం చెప్పను. కానీ ఆషాఢంలో, మూఢంలో ప్రోగ్రాంలు ఉండవు, అద్దె మాత్రం ఆగదు. గాయకుడికి ఆ నెలల్లో టీవీ ఉంది, వీళ్లకి లేదు.

డబ్బు సంగతి ఎలాగోలా సర్దుకునేవాళ్లేమో. సర్దుకోనిది ఇంకోటి. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు డోలక్ వాడు ఫోన్లో "సరే సార్, వస్తాను సార్" అంటున్నాడు. ఎవరితోరా అంటే మన వాడితోనే అన్నాడు. నలుగురిలో ఒరేయ్ అంటే బాగోదని మొదలెట్టాడట, తర్వాత ఇద్దరే ఉన్నప్పుడూ అదే వచ్చేస్తోందట. "వాటా ఉన్నప్పుడు తగువు పడేవాణ్ణి బావా. ఇప్పుడు ఆయన తాళం తప్పినా నేనే తప్పినట్టు మొహం పెడుతున్నాను" అన్నాడు. పద్నాలుగు నెలలకి తిరిగొచ్చేశాడు. మావాడు చెడ్డవాడై కాదు. డబ్బులిచ్చే చెయ్యీ, పుచ్చుకునే చెయ్యీ అయ్యాక స్నేహం ఉన్నా చనువు ఉండదు.

సొంతవాళ్లయితే వేరు. మా పాలకొల్లులోనే పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ పక్కన తమ్ముడు రాజేష్ మాండలిన్ వాయించేవాడు. తమ్ముడి దగ్గర ఈ లెక్కలు నడవవు కాబట్టి దాన్ని ఈ తూకంలో వెయ్యను.

రెండోది, వదిలేసి వెళ్లడం. దీనికి లోకం మొత్తానికి తెలిసిన ఉదాహరణ ఇంగ్లండు బ్యాండు బీటిల్స్ డ్రమ్మర్ పీట్ బెస్ట్. రెండేళ్లు వాళ్లతో కలిసి వాయించాక 1962 ఆగస్టులో తీసేశారు. ఆ మాట చెప్పింది తోటివాళ్లు కూడా కాదు, మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్. అక్టోబరులో మొదటి రికార్డు వచ్చింది, మిగతావాళ్లు ఎక్కడికెళ్లారో చెప్పక్కర్లేదు. ఇతను లివర్‌పూల్‌లో ప్రభుత్వోద్యోగం చేసుకున్నాడు. 1995లో పాత రికార్డింగులు బయటికి తెచ్చినప్పుడు అతను వాయించినవీ అందులో ఉండడంతో చివరికి డబ్బు ముట్టింది. ముప్పై మూడేళ్లకి! నాకు అక్కడ మండేది తీసెయ్యడం గురించి కాదు. పక్కన కూర్చుని వాయించినవాళ్లు ఎదురుగా నిలబడి ఒక్క మాట చెప్పలేకపోయారు.

అయితే వెనక మిగిలినవాళ్లం కూడా మారతాం, అది ఎవరూ రాయరు. మావాడు వెళ్లాక రెండేళ్లు మా ఫ్లెక్సీల మీద అతని ఫొటోనే వేశాం. అడ్వాన్స్ పుచ్చుకునేటప్పుడు "ఆయన వస్తారా అండీ?" అని అడిగితే "చూద్దామండీ" అనేవాళ్లం. రాడని తెలుసు. ఒకసారి నరసాపురం వైపు ఒక పెళ్లిలో పెద్ద గొడవే అయింది. అతనికి ఫోన్ చేసి "నీ వల్లే" అని తిట్టింది నేనే. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. వాడి పేరు అమ్ముకుంటూ, వాణ్ణి బోడి మల్లయ్యని చెయ్యబోయాను. నిజానికి మేమే ఆ ఓడ దిగలేదు.

ఇక మూడో దారి: ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడడం, కుదిరినప్పుడు కలవడం. కోనసీమలో శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ, ఏలూరు దగ్గర సోమవరప్పాడువారైన అన్నవరపు రామస్వామి, ఇద్దరూ పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులే. ఒకరు గాత్రంలో ప్రపంచం చుట్టారు. ఇంకొకరు ఆయన పక్కన వయొలిన్ వాయించారు. కానీ రామస్వామిగారికి విజయవాడ రేడియోలో ఉద్యోగం ఉండేది, తన శిష్యులుండేవారు, తన కచేరీలుండేవి. 2021లో పద్మశ్రీ వచ్చింది. పక్కవాద్యం అంటే పక్కన ఉండడమే, కింద ఉండడం కాదు.

ఈ దారిలో గొడవలు రావని కాదు. బాలసుబ్రహ్మణ్యం ఆర్కెస్ట్రాలో ఒకప్పుడు హార్మోనియం, గిటారు వాయించినవాడు ఇళయరాజా. 1976లో సంగీత దర్శకుడయ్యాక కథ తిరగబడింది, పాత జట్టు నాయకుడు ఆయన బాణీలకి పాడే గాయకుడయ్యాడు. 2017లో బాలు అమెరికాలో కచేరీలు చేస్తుంటే, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా లాయరు నోటీసు పంపించారు. తెలుగునాట ఇళ్లల్లో కూడా రెండు పార్టీలైపోయాం, మా ఆవిడ బాలు పార్టీ. కానీ ఆ ఇద్దరిలో ఒకరి బతుకు ఇంకొకరి చేతిలో లేదు. అందుకే అంత గట్టిగా దెబ్బలాడుకోగలిగారు, 2019లో చెన్నైలో మళ్లీ ఒకే స్టేజీ ఎక్కగలిగారు. మరుసటి ఏడాది బాలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు త్వరగా లేచి రమ్మని ఇళయరాజా వీడియోలో పిలిచిన పిలుపు విన్నవాళ్లకి ఆ నోటీసు గుర్తుకు రాలేదు.

కాబట్టి ఏది మేలంటే, నా ఓటు మూడో దానికే. కాకపోతే అది కుదరాలంటే వెనక ఉన్నవాడికి ఇంకో ఆధారం ఉండాలి. వాయిస్తే తప్ప పొయ్యి వెలగని వాడికి మొదటి దారే నయం, "సార్" అనాల్సి వచ్చినా సరే. ఆకలి ముందు చనువేమిటి? ఏ దారైనా విడిపోయే రోజునే నాలుగు మాటలు తేల్చుకోండి: అడ్వాన్స్ తీసుకున్న ప్రోగ్రాంలు ఎవరు చెయ్యాలి, వాయిద్యాలు ఎవరివి, జట్టు పేరు ఎవరిది, ఫ్లెక్సీ మీద ఫొటో ఎప్పటిదాకా. మేం ఒక్కటీ తేల్చుకోలేదు.

ఇంతకీ నేనెందుకు "అదిరింది" అన్నానంటే, ఆ పందిట్లో మైకులూ లైట్లూ మా టెంట్ హౌస్‌వే. కమిటీవాళ్లకి నా పేరు చెప్పింది మావాడే.

డోలక్ వాడు కూడా ఆ రాత్రి నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. తిరిగొచ్చాక చర్చి పాటల రికార్డింగులకి వాయిస్తున్నాడు, తన రేటు తనే చెబుతున్నాడు. నా "అదిరింది" విని నా వైపు ఒకసారి చూసి, ముందుకెళ్లి అందరిలోనే అన్నాడు, "రెండో చరణంలో జారావురా."

మావాడు సెల్ఫీ తీసుకుంటున్నవాళ్లని పక్కకి జరగమన్నాడు. "ట్రాక్ అర శ్రుతి పైన ఉందిరా, నాకు అందట్లేదు" అన్నాడు.

"మరి దింపించుకో."

"దింపితే బావుండట్లేదురా. నువ్వొకసారి విను." ఇద్దరూ ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లిపోయారు. నేను కేబుళ్లు చుట్టడం మొదలుపెట్టాను.