హన్మకొండ మూలికల దుకాణం: సరుకు మేలైనదే, సలహా నమ్మదగినది కాదు

హన్మకొండలో మేము చాలా కాలంగా మూలికలు తెచ్చుకుంటున్న ఈ దుకాణంలో సరుకుకు వంక పెట్టలేము. కరక్కాయలు, శొంఠి, పిప్పళ్లు పురుగు లేకుండా శుభ్రంగా ఉంటాయి, తూకంలో మోసం ఉండదు. అయితే రొమ్ము క్యాన్సరుకు కీమోథెరపీ తీసుకుంటున్న మా వదిన కోసం వెళ్లినప్పుడు అక్కడ దొరికిన సలహా నన్ను నిజంగా కలవరపెట్టింది.

నీరసం తగ్గడానికి ఏమైనా ఉందా అని అడగగానే, గల్లా దగ్గర కూర్చున్న ఆయన ఏ మందు ఎక్కిస్తున్నారో తెలుసుకోకుండానే పసుపు సారం క్యాప్సూళ్లు, తిప్పతీగ పొడి, లక్ష్మణ ఫలం ఆకులు తీసి ముందు పెట్టారు. కీమో మందులతో కలిపి వాడవచ్చా అంటే, "ఆకులే గదక్కా, ఏం గాదు" అన్నారు.

క్యాప్సూళ్ల సీసా మాత్రమే తీసుకుని, వాడే ముందు వదినకు చికిత్స చేస్తున్న డాక్టరుగారికి చూపించాము. ఆయన లేబులు మీది చిన్న అక్షరాలను చదివి, పసుపు కంటే ముందు పైపరిన్ అన్న మాట మీద వేలు పెట్టారు. కూరలో వేసుకునే నిజామాబాదు పసుపులో కర్క్యుమిన్ అనే ముఖ్య పదార్థం కొద్ది శాతమే ఉంటుంది. ఆ క్యాప్సూలులో ఉన్నది 95 శాతం కర్క్యుమినాయిడ్లు (కర్క్యుమిన్, దాని తోటి పదార్థాలు) గల సారం, దానికి తోడు అది రక్తంలోకి బాగా చేరడానికి మిరియాల నుంచి తీసి కలిపిన పైపరిన్. ఈ పైపరిన్ సీవైపీ3ఏ4 అనే కాలేయ ఎంజైమును అడ్డుకుంటుందని ప్రయోగశాల పరిశోధనల్లో తేలింది. వదినకు ఎక్కిస్తున్న పాక్లిటాక్సెల్ అనే కీమో మందును విరిచి శరీరం నుంచి బయటికి పంపే ఎంజైముల్లో అదీ ఒకటి కనుక, దాని పని మందగిస్తే మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిచి, ఇప్పటికే వేళ్ల చివర్లలో మొదలైన తిమ్మిర్లు ముదిరే ప్రమాదం ఉంటుంది.

దీనికి పూర్తిగా విరుద్ధంగా కూడా జరుగుతుంది. విదేశాల్లో దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక వల్ల, ఇరినోటెకాన్ అనే కీమో మందు చురుకైన రూపం రక్తంలో 42 శాతం తగ్గినట్లు 2002లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనం చూపింది. అంటే రోగి బాధలన్నీ పడుతున్నా మందు తగినంతగా పనిచేయకపోవచ్చు. ఇక తిప్పతీగ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు కోవిడ్ కాలంలో మన దేశపు వైద్యులే నివేదించారు. కీమో భారం మోస్తున్న కాలేయానికి అది అదనపు ముప్పు.

తెరవని సీసాను దుకాణంవారు మారు మాట లేకుండా వెనక్కి తీసుకున్నారు, అందుకు కృతజ్ఞతలు. సరుకుకు నాలుగు నక్షత్రాలు, సలహాకు ఒకటి. కీమో నడుస్తున్న ఇంటివారు ఇక్కడికి వెళితే లేబులు ఫోటో తీసుకుని ముందు క్యాన్సరు డాక్టరుకు చూపండి. లేబులు లేని పొడి పొట్లాలు మాత్రం అసలు తీసుకోవద్దు.