సెంటినెల్-1 రాడార్ చిత్రాలు: అమెజాన్ అడవిపై పరీక్షించి చూస్తే

ఖరీఫ్‌లో గోదావరి, కృష్ణా డెల్టాల వరి సాగును ఉపగ్రహ చిత్రాలలో గమనించేవారికి మబ్బులే పెద్ద అడ్డంకి. అందుకే నేను మబ్బుల గుండా చూడగల సెంటినెల్-1 ఉపగ్రహాల సి-బ్యాండ్ (కొన్ని సెంటీమీటర్ల పొడవున్న రేడియో తరంగాల) రాడార్ చిత్రాలపై ఆధారపడతాను. యూరోపియన్ అంతరిక్ష సంస్థ ఈ శ్రేణిలో 1ఎను 2014 ఏప్రిల్ 3న, 1సిని 2024 డిసెంబర్ 5న ప్రయోగించింది. కోపర్నికస్ పోర్టల్‌లో ఖాతా తెరిస్తే జీఆర్‌డీ చిత్రాలు (తిరిగివచ్చిన సంకేతపు బలాన్ని నేల దూరాలకు సర్ది చూపేవి) ఉచితంగా లభిస్తాయి. వాటి స్పష్టత గురించి కొత్తగా చెప్పవలసినది లేదు. వాటిలోని అంకెలను ఎంతవరకు నమ్మవచ్చునన్నదే ఇక్కడ నా ప్రశ్న.

దమ్ము చేసి నీరు నిలిపిన మడికీ ఏపుగా ఎదిగిన పైరుకూ మధ్య తేడాను మనం తిరిగివచ్చే సంకేతపు బలంగా, డెసిబెల్‌లలో చదువుతాము. అయితే రాడార్ యాంటెన్నా 250 కిలోమీటర్ల వెడల్పు అంతటా ఒకే బలంతో తరంగాలను పంపదు కాబట్టి, ఆ హెచ్చుతగ్గులను సరిదిద్దకపోతే చిత్రం అంచునా నడుమనా ఉన్న ఒకే రకం పొలాలు వేర్వేరు విలువలు చూపుతాయి. దక్షిణ జర్మనీలో ఆ దేశపు అంతరిక్ష సంస్థ డీఎల్ఆర్ నెలకొల్పిన ట్రాన్స్‌పాండర్లు (అందిన సంకేతాన్ని తెలిసిన బలంతో తిరిగి పంపే పరికరాలు), మూల పరావర్తకాలు (తరంగాలను వచ్చిన దిక్కుకే తిప్పే లోహపు మూలలు) కొలమానాన్ని నిర్ధారిస్తాయి గాని, అవి కొన్ని బిందువులు మాత్రమే. వెడల్పు అంతటినీ పరీక్షించడానికి అమెజాన్ అడవి కావాలి. అక్కడ ఆకులు, రెమ్మలు అన్ని దిక్కులకూ తిరిగి ఉండి తరంగాలను చెట్ల పైభాగంలోనే చెదరగొట్టడం వల్ల, గామా నాట్ విలువ (తరంగం వచ్చే దిశకు లంబంగా ఉన్న వైశాల్యానికి లెక్కించిన సంకేతపు బలం) పతన కోణంతో, అంటే తరంగం నేలను తాకే కోణంతో, దాదాపుగా మారదు. అందుచేత చిత్రంలో అడ్డంగా ఏ ఒంపు కనిపించినా అది అడవిది కాదు, యాంటెన్నాది.

నదులూ నరికిన భూములూ లేని అడవి భాగాలను ఎంచుకొని, నిలువు వరుసల సగటు తీసి చూశాను. వీవీ ధ్రువణంలో (నిలువు తరంగాన్ని పంపి నిలువుగానే అందుకునే పద్ధతిలో) గామా నాట్ సుమారు −6.5 డెసిబెల్‌ల వద్ద చదునుగా నిలిచింది. చిత్రపు వెడల్పును కూర్చే మూడు ఉపపట్టీలు కలిసే చోట్ల మెట్టు కనిపించలేదు. ఉచితంగా దొరికే చిత్రాలలో ఇంత నిలకడ ఉండటం నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఈ పరీక్ష చేయదలచినవారు సిగ్మా నాట్‌ను (నేల వైశాల్యానికి లెక్కించిన బలాన్ని) వాడరాదు; అది కోణంతో సహజంగానే తగ్గుతుంది. ఉదయం, సాయంత్రం తీసిన చిత్రాలను కలపకపోవడం కూడా మంచిది, ఎందుకంటే తెల్లవారుజామున ఆకులపై పట్టిన మంచు విలువను కొంత పెంచవచ్చు.

వీహెచ్ ధ్రువణం (నిలువు తరంగాన్ని పంపి అడ్డంగా అందుకునే పద్ధతి) విషయంలో మాత్రం ఇంత నమ్మకంగా చెప్పలేను. నిశ్చలమైన నీటిపై సంకేతం పరికరపు శబ్దస్థాయికి పడిపోయి, ఉపపట్టీల సరిహద్దుల్లో చారలు బయటపడతాయి. అమెజాన్ ప్రకాశవంతమైన లక్ష్యం కావడం వల్ల ఈ లోపాన్ని పట్టి చూపలేదు. దాన్ని గాలి లేని సముద్రంపై వెతకాలి. ముంపు పొలాలను వీహెచ్‌లో లెక్కించేవారు స్నాప్ అనే ఉపగ్రహ చిత్రాల సాఫ్ట్‌వేర్‌లో ఉష్ణ శబ్దాన్ని (పరికరం తానుగా కలిపే శబ్దాన్ని) తొలగించాకనే నీటిని వేరుచేసే హద్దు విలువను నిర్ణయించుకోవాలి, చారలున్న చోట వీవీతో సరిచూసుకోవాలి.