మగ్గం నుంచి మోటారు దాకా: నగోయాలోని టొయోటా స్మారక మ్యూజియం

జపాన్‌లోని నగోయాలో, 1911 నాటి టొయోడా నేత మిల్లు ఎర్ర ఇటుకల కట్టడాన్ని కాపాడి 1994లో తెరిచిన టొయోటా పారిశ్రామిక సాంకేతిక స్మారక మ్యూజియంలో జౌళి యంత్రాలకూ మోటారు వాహనాలకూ రెండు విభాగాలున్నాయి. కార్ల మీద ఆసక్తితో వెళ్లేవారు కూడా మొదట మగ్గాల విభాగంలోనే తీరిగ్గా గడపాలి, ఎందుకంటే రెండో విభాగంలో చూడబోయేదానికి మూలం ఇక్కడే ఉంది.

సిబ్బంది పత్తి నుంచి చేత్తో నూలు తీసి చూపిస్తారు, ఆపైన యంత్రాలను నిజంగానే నడిపిస్తారు. ఈ మిల్లు స్థాపకుడు సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన జి రకం ఆటోమేటిక్ మగ్గం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడెలో పేక నూలు అయిపోవస్తే మగ్గం ఆగకుండానే కొత్త నాడె వచ్చి చేరుతుంది. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఒక్కటి తెగినా, దాని మీద వేలాడే పలుచని లోహపు రేకు కిందికి జారి యంత్రాన్ని ఆపేస్తుంది. తప్పు జరిగిన చోటే పని ఆగాలన్న ఈ పద్ధతి కార్ల కర్మాగారంలో ‘జిదోకా’గా స్థిరపడింది; అక్కడ లోపం గమనించిన కార్మికుడు తాడు లాగి మొత్తం వరుసను ఆపగలడు.

అయితే నైపుణ్యం ఒక చోటి నుంచి మరో చోటికి సులువుగా మారిపోతుందన్న భ్రమను ఈ మ్యూజియం కలిగించదు, నాకు బాగా నచ్చిన గుణం అదే. మగ్గాల భాగాలను పోతపోయడంలో ఆరితేరినవారికి సైతం ఇంజను సిలిండర్ బ్లాక్ లోపలి ఖాళీలు మొదట లొంగలేదు. ఇసుక అచ్చుల తయారీని వారు మళ్లీ కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది.

తేదీలను కూడా శ్రద్ధగా చూడాలి. ఇంగ్లండులో నూలు పరిశ్రమ కుంగిపోతున్న కాలంలో, 1929లో, అక్కడి జౌళి యంత్రాల తయారీ సంస్థ ప్లాట్ బ్రదర్స్ ఈ మగ్గం పేటెంట్ హక్కులు కొన్నది. అమ్మిన టొయోడా వారు మాత్రం, మగ్గాలకు ఇంకా గిరాకీ ఉండగానే, 1933లో మగ్గాల కంపెనీలోనే మోటారు విభాగం ప్రారంభించారు. 1937లో ఆ విభాగం టొయోటా మోటార్ అనే వేరే కంపెనీ అయింది. మిల్లు మూతపడ్డాక పనివారు చెదిరిపోతారు, వారితోపాటే నేర్పూ పోతుంది. ఇక్కడ నేర్పరులు ఉండగానే కొత్త పని మొదలైంది.

యంత్రాల గురించి తెలిసినంతగా వాటిని నడిపిన మిల్లు కార్మికుల గురించి తెలుసుకోవాలని కూడా నాకు అనిపించింది. అటువంటి ఆసక్తి ఉన్నవారు ప్రదర్శన ముగిశాక సిబ్బందిని అడగడం మంచిది. తెగిన పోగును ముడివేసే తీరును వారు నాకు ఓపికగా మళ్లీ చేసి చూపించారు.