ఉప్పునీటి పూల్‌కు టేలర్ కె-2006 కిట్: మన బోరు నీళ్లకు పనికొస్తుందా?

హన్మకొండ, కాజీపేట చుట్టూ ఉన్న ఫామ్‌హౌస్‌లలో ఉప్పునీటి పూల్ సెల్‌ను (ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే భాగాన్ని) పాడుచేసేది ఎక్కువగా ఉప్పు కాదు, బోరు నీళ్లలోని కాల్షియం. ముంచి రంగు చూసే స్ట్రిప్పులు దాన్ని పట్టవు. చాలావాటిలో కనిపించేది మొత్తం హార్డ్‌నెస్సే (కాల్షియం, మెగ్నీషియం కలిపి), కాల్షియం విడిగా తేలదు. చుక్కలు లెక్కపెట్టే కె-2006 కిట్ అసలు బలం ఇక్కడే.

25 మిల్లీలీటర్ల పూల్ నీళ్లలో కిట్‌లోని మందు సీసాల్లో ఆర్-0010 ఇరవై చుక్కలు, ఆర్-0011ఎల్ ఐదు చుక్కలు వేస్తే ఎర్రబడతాయి. ఆ తర్వాత ఆర్-0012 ఒక్కో చుక్కా వేస్తూ కలుపుతూ పోవాలి. నీలం రాగానే ఆపి, చుక్కల సంఖ్యను 10తో గుణిస్తే కాల్షియం పీపీఎంలో (పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులో) వస్తుంది. కొన్ని బోర్ల నీళ్లకు రంగు ఊదా దగ్గరే ఆగిపోతుంది. కిట్ పాడైందనుకోవద్దు, అది ఇనుము, రాగి పని. కొత్త నీళ్లు తీసుకుని ముందుగా ఆర్-0012 ఆరు చుక్కలు వేసి మొదలుపెట్టాలి, వాటినీ లెక్కలో కలపాలి. 200 నుంచి 400 మధ్య ఉంటే సరే. అంతకు మించితే తగ్గించే మందు లేదు, కొంత నీళ్లు తీసేసి కాల్షియం తక్కువున్న నీళ్లు నింపడమే. ఇలాంటి పూల్‌లో బ్లీచింగ్ పౌడర్ చల్లే అలవాటు మానాలి, దాంతో క్లోరిన్‌తో పాటు కాల్షియమూ వస్తుంది.

పీహెచ్ 7.4–7.6, ఆల్కలినిటీ (పీహెచ్‌ను చటుక్కున మారనివ్వని గుణం) 60–80 పీపీఎం దగ్గర ఉంచాలి. సెల్‌లో పుట్టే హైడ్రోజన్ బుడగలు కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి నెట్టేస్తాయి కాబట్టి ఉప్పునీటి పూల్‌లో పీహెచ్ ఎప్పుడూ పైకే పోతుంది. ఆల్కలినిటీ ఎక్కువైతే ఇంకా త్వరగా పోతుంది. 50,000 లీటర్ల పూల్‌లో ఆల్కలినిటీని 120 నుంచి 80కి దించడానికి 33 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ దాదాపు 4 లీటర్లు పడుతుంది. ఒక్కసారే కుమ్మరించకుండా, పీహెచ్ 7.2 కంటే కిందికి పడకుండా రోజుకింత చొప్పున పోయాలి. బాత్రూం యాసిడ్ బలం సీసా సీసాకూ మారుతుంది, ఆ లెక్క నమ్మొద్దు.

క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడే సయనూరిక్ యాసిడ్ లేకుంటే మన ఎండలకు క్లోరిన్ గంటల్లోనే విరిగిపోతుంది. ఆ యాసిడ్‌ను 60–80 పీపీఎం మధ్య ఉంచి, ఫ్రీ క్లోరిన్ (ఇంకా పనిచేయగల క్లోరిన్) 3–4కు తగ్గకుండా చూసుకోవాలి. అదే 50,000 లీటర్ల పూల్‌లో 30 ఉన్న సయనూరిక్‌ను 70 చేయాలంటే 2 కిలోలు చాలు.

ఉప్పు పరీక్ష ఈ కిట్‌లో లేదు. కె-1766 విడిగా తెచ్చుకోవాలి, తప్పదు. 10 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుంటే ఒక్కో చుక్కకు 200 పీపీఎం ఉప్పు. యంత్రం మీద ‘లో సాల్ట్’ లైటు వెలగ్గానే ఉప్పు బస్తా విప్పేస్తుంటారు. కాల్షియం పొలుసు కట్టిన సెల్, చల్లటి నీళ్లు కూడా ఆ లైటును వెలిగిస్తాయి. అదే పూల్‌లో చుక్కలు 2400 చూపిస్తే 3200కు చేరడానికి 40 కిలోలు వేయండి, అయోడిన్ కలవని ఉప్పే. చుక్కలు సరిపడా చూపిస్తే ఉప్పు ముట్టకుండా సెల్ విప్పి చూడండి. పలకల మధ్య తెల్లటి పెచ్చులుంటే నాలుగు వంతుల నీళ్లలోకి ఒక వంతు యాసిడ్ పోసి (యాసిడ్‌లోకి నీళ్లు కాదు) కొద్ది నిమిషాలు నానబెట్టండి. మాటిమాటికీ ఇలా చేస్తే టైటానియం మీది పూత పోతుంది.

లోపాలూ ఉన్నాయి. క్లోరిన్ 10 దాటితే పీహెచ్ రంగు ఊదాగా వచ్చి తప్పు చెబుతుంది, తగ్గాకే చూడాలి. సయనూరిక్ పరీక్షకు ఒక్కోసారి 7 మిల్లీలీటర్ల మందు పోతుంది, ఆ సీసా అన్నిటికంటే ముందు ఖాళీ అవుతుంది. కె-1766లోని సిల్వర్ నైట్రేట్ చేతికంటితే నల్లమచ్చ పడుతుంది. మందుల్ని మోటారు గదిలో యాసిడ్ పక్కన పెట్టొద్దు. ఇంట్లో చల్లటి చోట పెట్టి ఏడాదికోసారి మార్చాలి. ఆ ఖర్చు కలుపుకున్నా, నెలనెలా కాల్షియం చూసుకునేవాళ్లకు ఇది కొనదగ్గదే. పూల్‌ను నింపి వదిలేసేవాళ్లకు మాత్రం దండగ.