చిడతా చెయ్యీ కలిసిన డిస్కు: ప్రాజెక్ట్‌ఎక్స్‌తో ఇన్నేళ్ల అనుభవం

డీడీ ఫ్రీ డిష్ పెట్టె నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్న కార్యక్రమాలను, ఇంట్లో పెద్దవాళ్లు డీవీడీ ప్లేయరులో వేసుకుని చూసేందుకు వీలుగా డిస్కులుగా మార్చే పని నేను 2016 నుంచి చేస్తున్నాను. ఈ మధ్యకాలంలో చాలా సాఫ్ట్‌వేర్లు పెట్టి చూసి తీసేశాను గాని, ప్రాజెక్ట్‌ఎక్స్ అనే ఉచిత జావా ప్రోగ్రాము మాత్రం మూడు కంప్యూటర్లు మారినా నా దగ్గరే ఉన్నది. తెగిపోయిన రికార్డింగులో బొమ్మనూ ధ్వనినీ అది తిరిగి కలిపే తీరే అందుకు కారణం. మిగిలిన సౌకర్యాలు లేకపోయినా నేను దీన్ని వదిలేవాణ్ని కాను.

మా పెద్దమ్మ హరిదాసు. మోకాళ్లు సహకరించక ఇప్పుడు కథలు చెప్పడం మానేసింది గాని, 2016 ఆగస్టులో ఆమె హరికథ ఒక అరగంట సప్తగిరి చానెల్లో ప్రసారమైంది. సరిగ్గా ఆ అరగంటలోనే విజయవాడలో జోరువాన పట్టుకున్నది. ఫ్రీ డిష్ ప్రసారం ఉపగ్రహం నుంచి కేయూ బ్యాండు అనే తరంగాల్లో వస్తుంది. గట్టి వాన ఆ తరంగాలను దారిలోనే పీల్చేస్తుంది కాబట్టి బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి, ఆగి, మళ్లీ కదులుతూ నడిచింది. అయినా రికార్డింగు ఆపలేదు. మర్నాడు అప్పట్లో అందరూ వాడుతున్న ఒక కన్వర్టరులో ఆ ఫైలును వేసి, డిస్కు రాసి, పెద్దమ్మ ఇంటికి తీసుకువెళ్లాను.

మొదటి ఐదు నిమిషాలూ బాగానే నడిచింది. ఆ తర్వాత ఆమె ముఖం చిన్నబోయింది. ‘చెయ్యి కలవకముందే చిడత మోగుతోందేమిటి నాయనా?’ అన్నది. మామూలు పాట కచేరీ అయితే పెదవులకూ పాటకూ ఉన్న కొద్దిపాటి తేడా కనిపించకపోవచ్చు గాని, హరికథలో అది దాగదు. చిడతలు కలిసే క్షణం కంటికి కనిపిస్తుంది, ఆ చప్పుడు చెవికి స్పష్టంగా తగులుతుంది. కథ ముగింపుకు వచ్చేసరికి రెండింటి మధ్యా దాదాపు రెండు సెకన్ల ఎడం వచ్చింది. జీవితమంతా తాళం తప్పని మనిషికి తాళం తప్పిన తన బొమ్మను చూపించినందుకు నాకు చాలా బాధ కలిగింది.

ఏం జరిగిందో వెతుక్కుంటూ వెళ్లగా ప్రాజెక్ట్‌ఎక్స్ దొరికింది. డిజిటల్ ప్రసారం 188 బైట్ల చిన్న పొట్లాలుగా వస్తుంది. అందులోని బొమ్మలకూ ధ్వనికీ సెకనుకు 90,000 సార్లు కొట్టుకునే గడియారం ప్రకారం కాలముద్రలు వేసి ఉంటాయి. వానకు పొట్లాలు పోయినప్పుడు బొమ్మలో ఎంత పోయిందో ధ్వనిలోనూ అంతే పోవాలని లేదు. నా పాత కన్వర్టరు ఆ ముద్రలను పట్టించుకోకుండా మిగిలిన ముక్కలను ఒకదాని వెనుక ఒకటి అతికించింది. ధ్వని ఎక్కువగా పోయిన ప్రతిచోటా అది బొమ్మకన్నా కాస్త ముందుకు జరిగింది. ప్రాజెక్ట్‌ఎక్స్ అలా చేయదు. చెడిన బొమ్మలను తీసేసిన చోట వాటికి సరిపడే ధ్వనినీ తీసేస్తుంది. ధ్వని మాత్రమే పోయిన చోట అంత నిడివికి నిశ్శబ్దాన్ని చేరుస్తుంది. ప్రసారంలో వచ్చే ఎంపీ2 పద్ధతి ధ్వనిలో ఒక్కో ముక్క (ఫ్రేము) 24 మిల్లీసెకన్లు, బొమ్మ ఒక్కొక్కటి 40 మిల్లీసెకన్లు. ఆ లెక్క ప్రతి అతుకు దగ్గరా సరిగ్గా కుదరదు కాబట్టి కొద్ది తేడా తప్పదు. అయితే ఆ తేడాను తర్వాతి అతుక్కి మోసుకుపోకుండా ప్రతిచోటా మళ్లీ కాలముద్రతో సరిచూసుకుంటుంది. చేసిన ప్రతి సవరణనూ లాగ్ అనే చిట్టాలో రాస్తుంది. మా హరికథ ఫైలుకు పదకొండు చోట్ల తెగినట్లు చూపించింది.

అది విడదీసి ఇచ్చిన బొమ్మ ఫైలునూ ధ్వని ఫైలునూ ఎంప్లెక్స్ అనే ప్రోగ్రాముతో కలిపి, డీవీడీఆథర్ అనే మరో ప్రోగ్రాముతో డిస్కుగా కట్టి, మళ్లీ పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె బొమ్మను చూడలేదు. కళ్లు మూసుకుని కాసేపు విని, తర్వాత కళ్లు తెరిచి తన చేతులనే చూసింది. చివరిదాకా ఒక్కచోట కూడా చిడత తప్పలేదు. వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా, అంటే కొత్తగా కుదించకుండా, ప్రసారంలో వచ్చింది వచ్చినట్టే డిస్కుకు ఎక్కడం వల్ల నాణ్యత తగ్గలేదు, నా పాత కంప్యూటరు మీద గంటలు పట్టే పని నిమిషాల్లో అయిపోయింది.

వాన మింగేసిన దాన్ని మాత్రం ఏ ప్రోగ్రామూ తిరిగి ఇవ్వలేదు. ఒక పద్యంలో మూడో పాదం సగంలో పోయి నాలుగో పాదం మొదలవుతుంది. డిస్కు అక్కడికి వచ్చినప్పుడల్లా పెద్దమ్మ ఆ పాదాన్ని తానే పైకి చదువుతుంది.

ఎన్‌కోడింగు అవసరమే లేదన్న మాట కూడా అన్ని రికార్డింగులకూ వర్తించదు. మన దేశంలో వాడే పాల్ అనే టీవీ పద్ధతిలో డీవీడీ ఒప్పుకునే పూర్తి బొమ్మ కొలత 720×576 లేదా 704×576 చుక్కలు. నా దగ్గరి కొన్ని ఫైళ్లు 544×576గా ఉన్నాయి. వాటిని అలాగే డిస్కుకు ఎక్కిస్తే మా ప్లేయరులో ఆడాయి గాని, మా చెల్లెలి ఇంట్లో తెర నల్లగానే ఉండిపోయింది. అలాంటివాటిని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రాముతో కొలత మార్చి మళ్లీ ఎన్‌కోడ్ చేయక తప్పలేదు. కాలముద్రలనే నమ్ముకోవడంలోనూ ఒక చిక్కు ఉన్నది: ఒకసారి నా పెట్టె ఆ ముద్రలనే తప్పుగా రాసింది. అప్పుడు ఫైలును రెండుగా కోసి విడివిడిగా నడిపితే గాని కుదరలేదు. అందుకే డిస్కు సరిగా ఆడుతున్నదని చివరిదాకా చూసుకునే వరకూ అసలు ఫైలును నేను చెరపను.

పెద్ద రికార్డింగులను పెట్టె ముక్కలు చేయడం, ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు 4 జీబీ దాటలేకపోవడం నాకు ఇబ్బంది కాలేదు. ముక్కలన్నీ వరుసగా జాబితాలో పెడితే ప్రాజెక్ట్‌ఎక్స్ ఒకే కార్యక్రమంగా తీసుకుంటుంది. తెర చూడగానే బెదిరించేలా ఉంటుంది, ఎంపికలు లెక్కలేనన్ని ఉంటాయి. నేను తాకినవి నాలుగైదు మాత్రమే.

అసలు పరిమితి వేరే ఉన్నది. ఇది డీవీడీల్లోనూ వాడే ఎంపెగ్-2 అనే పాత పద్ధతి వీడియోకు చేసిన ప్రోగ్రాము, ఎంపెగ్-4 చానెళ్లు వాడే హెచ్.264 పద్ధతిని చదవలేదు. ఫ్రీ డిష్‌లో ఎంపెగ్-4 చానెళ్లు కూడా ఉన్నాయి, వాటి రికార్డింగుల దగ్గర దీనికి పని లేదు. ఆ రికార్డింగు ఎలాగూ మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే గాని డీవీడీ కాదు. వాన లేని రోజున చేసుకున్న రికార్డింగుకు కూడా ఇంత శ్రమ అనవసరం కావచ్చు; టీవీకే పెన్‌డ్రైవ్ పెట్టుకుని చూసేవాళ్లకు డిస్కే అక్కర్లేదు. మా ఇంట్లో పెద్దవాళ్లకు డీవీడీ ప్లేయరు రిమోటు తప్ప మరొకటి చేతికి అలవాటు కాలేదు, నా బీరువాలో పాత ఎంపెగ్-2 రికార్డింగులు ఇంకా అరవై గంటలకు పైగా ఉన్నాయి. అవి అయ్యేదాకా నేను దీన్నే వాడతాను. ఇప్పుడు కొత్తగా ఎంపెగ్-4 పెట్టె కొనుక్కుని రికార్డు చేయబోయేవారికి మాత్రం ఇదే వాడండని నేను చెప్పలేను.