ఉచిత ఆటోజైరోకు ఏ సిమ్యులేటర్ మేలు?

"ఆటోజైరో మోడల్ ఒకటి ఉచితంగా దొరికింది. ఎక్స్-ప్లేన్‌లో పెట్టుకోమంటారా, ఫ్లైట్‌గేర్‌లోనా, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లోనా?" ఇంట్లో కంప్యూటర్ మీద విమానాలు ఎగరేసే మిత్రుల నుంచి ఈ ప్రశ్న నెలకు రెండు మూడుసార్లయినా వస్తోంది. ఆటోజైరో, పొట్టిగా జైరో, అంటే హెలికాప్టర్‌లా నెత్తిన తిరిగే రెక్కల చక్రం (రోటర్) ఉండి, ఎగిరేటప్పుడు ఇంజిన్ ప్రొపెల్లర్‌ను మాత్రమే తిప్పే యంత్రం. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను. మూడు సిమ్యులేటర్లూ నా దగ్గర ఉన్నాయి. మూడింటిలోనూ ఉచిత ఆటోజైరోలు పెట్టి చూశాను. చాలావాటిని తీసేశాను, కొన్నింటిని ఉంచుకున్నాను.

చాలామంది ముందుగా అడిగేది "ఎందులో పెట్టడం సులువు?" అని. నా దృష్టిలో అది చివర చూసుకోవలసిన సంగతి. జిప్ ఫైలు విప్పడం, ఫోల్డరును సరైన చోట ఉంచడం మూడింటిలోనూ పది నిమిషాల పనే. కాక్‌పిట్ అందం కూడా తర్వాతి మాటే. అసలు తేల్చుకోవలసింది ఒక్కటి: ఆ మోడల్లో రోటర్ నిజంగా గాలికి తిరుగుతోందా, లేక తిరుగుతున్నట్టు బొమ్మ మాత్రమే కదులుతోందా?

దీని మీద నేనింత పట్టుబట్టడానికి కారణం ఆటోజైరో పుట్టుకలోనే ఉంది. స్పెయిన్ ఇంజినీరు హువాన్ డి లా సియర్వా 1919లో తయారుచేసిన మూడు ఇంజిన్ల విమానం వేగం తగ్గి, స్టాల్ అయి, అంటే రెక్కలకు గాలి పట్టు తప్పి కూలిపోయింది. వేగం తగ్గినా గాలి పట్టు తప్పని యంత్రం కావాలన్న పట్టుదలతో ఆయన ఈ దారి పట్టాడు. మొదటి మూడు నమూనాలనూ పక్కకు ఒరిగిపోయే జబ్బు వదల్లేదు. రోటర్ తిరుగుతుంటే గాలికి ఎదురుగా వచ్చే రెక్క ఎక్కువ పైకి లాగుతుంది, వెనక్కి పోయే రెక్క తక్కువ లాగుతుంది. తేడా యంత్రాన్ని బోర్లా వేస్తుంది. రెక్కల మొదట్లో కీళ్లు పెట్టి, అవి వాటంతట పైకీ కిందికీ ఊగే వీలు కల్పించాక 1923 జనవరిలో సి.4 అనే నమూనా గాల్లోకి లేచింది. 1928లో సి.8 ఇంగ్లిష్ ఛానెల్ దాటింది. ఎగురుతున్నంతసేపూ ఇంజిన్ శక్తి రోటర్‌కు అందదు. వెనక్కి వాలిన రోటర్‌లోకి కింది నుంచి దూరే గాలే దాన్ని తిప్పుతుంది, తిరునాళ్లలో పిల్లలు పట్టుకుని పరుగెత్తే కాగితపు గాలిచక్రం తిరిగినట్టు. మోడల్లో ఈ గుణం లేకపోతే మీరు ఎగరేస్తున్నది ఆటోజైరో కాదు.

కొత్త మోడల్ ఏది దొరికినా నేను మూడు పనులు చేసి చూస్తాను. మొదటిది, రోటర్‌ను ముందుగా తిప్పకుండానే థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచే మీట) పూర్తిగా తెరవడం. ఇప్పటి జైరోల్లో పరుగు మొదలయ్యే ముందు ప్రీ-రొటేటర్ అనే సాధనంతో రోటర్‌ను నిమిషానికి 200 చుట్ల దాకా తెచ్చి, స్టిక్‌ను (నడిపే చేతికర్రను) బాగా వెనక్కి లాగి, అప్పుడు కదులుతారు. అదేమీ చేయకుండానే మోడల్ రన్‌వే మీద హాయిగా పరుగెత్తి లేచిపోయిందంటే దాని లెక్కలో ఉన్నది రోటర్ కాదు, మామూలు విమానం రెక్క. రెండోది, ఎత్తులో ఇంజిన్ ఆపేసి స్టిక్‌ను మెల్లగా వెనక్కి లాగడం. వేగం దాదాపు సున్నాకు వచ్చినా రోటర్ తిరుగుతూనే ఉండాలి, యంత్రం నిలువుగా దిగాలి. ఉన్నట్టుండి ముక్కు వాల్చి దూకకూడదు.

మూడోదే నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. 45 డిగ్రీలు ఒరిగించి, ఎత్తు తగ్గకుండా మలుపు తిప్పండి. అప్పుడు రోటర్ మోయవలసిన భారం 1.4 రెట్లు అవుతుంది. రోటర్ వేగం ఆ భారానికి వర్గమూలం లెక్కన పెరుగుతుంది కాబట్టి, నేరుగా పోయేటప్పుడు 350 చుట్లు ఉన్నది మలుపులో 415 దగ్గరికి రావాలి. మలుపు నుంచి బయటికి రాగానే మళ్లీ తగ్గాలి. అంకె కదలకపోతే ఆ మోడల్‌ను నేను ఉంచుకోను.

ఇది చాదస్తమని కొందరంటారు. నేను ఒప్పుకోను. నిజమైన జైరోలో వేగంగా పోతూ స్టిక్‌ను ఒక్కసారిగా ముందుకు తోస్తే రోటర్ మీద భారం పోతుంది, చుట్లు పడిపోతాయి. ప్రొపెల్లర్ తోపు గురుత్వ కేంద్రానికి పైనుంచి పనిచేసే యంత్రమైతే ముక్కు కిందికి తిరగబడుతుంది, ఇక కోలుకోదు. ప్రాణాలు తీసిన తప్పు ఇది. రెక్క లెక్కతో చేసిన మోడల్లో అదే పని చేస్తే చక్కటి డైవ్ వస్తుంది, ఏ ప్రమాదమూ ఉండదు. రేపు ఎవరైనా నిజం జైరోలో కూర్చుంటే చేతులకు ఏ అలవాటు గుర్తుంటుందో ఆలోచించండి.

ఇక మైక్రోసాఫ్ట్ సంగతి. 2006లో వచ్చిన ఎఫ్ఎస్ఎక్స్ (ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్) కోసం, అంతకు ముందరి 2004 కూర్పు కోసం ఉచిత ఆటోజైరోలు బోలెడన్ని వచ్చాయి. బొమ్మలు చాలావరకు అందంగా ఉంటాయి, వాటి వెనుక పడిన శ్రమ కనిపిస్తుంది. కానీ నేను చూసినవాటిలో ఎక్కువ భాగం విమానం లెక్క మీద నడిచేవే. స్టాల్ కాకుండా, తక్కువ వేగంలోనూ నిలబడేలా అంకెలు సర్దిన రెక్క, పైన తిరిగే రోటర్ బొమ్మ. కనిపెట్టడం తేలిక. మోడల్ ఫోల్డరులోని 'ఎయిర్‌క్రాఫ్ట్ సీఎఫ్‌జీ' ఫైలును నోట్‌ప్యాడ్‌తో తెరవండి. 'మెయిన్ రోటర్' అనే భాగం లేకుండా రెక్క వైశాల్యం ఒక్కటే ఉంటే విషయం తేలిపోయినట్టే. మోడల్‌ను 'రోటర్‌క్రాఫ్ట్' ఫోల్డరులో కాకుండా 'ఎయిర్‌ప్లేన్స్' ఫోల్డరులో పెట్టమని సూచనల్లో రాసి ఉండటం కూడా అదే చెబుతుంది.

2020 నాటి మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్లో హెలికాప్టర్లు వచ్చిందే 2022 నవంబరులో, 40 ఏళ్ల వార్షికోత్సవ కూర్పుతో. కాబట్టి అంతకు ముందు తేదీ ఉన్న ఉచిత జైరో కనిపిస్తే దాని రోటర్ మీద ఆశ పెట్టుకోకండి. తర్వాత వచ్చినవాటిని పై మూడు పరీక్షలతో ఒక్కొక్కటిగా చూసుకోవలసిందే. పెట్టడం మాత్రం సులువు: ఫోల్డరును 'కమ్యూనిటీ' అనే ఫోల్డరులో వేస్తే చాలు. అందులో వేశాక కూడా మోడల్ కనిపించకపోతే, నూటికి తొంభై పాళ్లు ఫోల్డరులో మరో ఫోల్డరు ఉంటుంది. 'మేనిఫెస్ట్', 'లేఅవుట్' అనే రెండు ఫైళ్లూ మొదటి ఫోల్డరు తెరవగానే కనిపించాలి. ఎక్స్‌బాక్స్ ఉన్నవారికి ఈ దారి మూసుకుపోయినట్టే, అందులో కమ్యూనిటీ ఫోల్డరు లేదు.

ఒక్క విషయంలో దీనికి సాటి రాగలది లేదు. రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం నుంచి లేచి దక్షిణంగా వస్తే గోదావరి, మధ్యలో ఇసుక తిన్నెలు, లంకల్లో పచ్చటి చెక్కలు, ఇంకా కిందికి పోతే ధవళేశ్వరం ఆనకట్ట. ఉపగ్రహ చిత్రాల మీద కట్టిన నేల కాబట్టి మన ఊరు మన ఊరిలాగే కనిపిస్తుంది. తెరిచిన కాక్‌పిట్‌లో, గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో నది మీద పోవడం కోసమే అయితే ఇది చాలు. నేనూ ఆ పని కోసం దీన్ని అట్టే పెట్టుకున్నాను.

ఫ్లైట్‌గేర్ విషయంలో నాకున్నది గౌరవం. 1990ల నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవారు కట్టుకుంటూ వస్తున్న సిమ్యులేటర్ అది. సిమ్యులేటరూ ఉచితమే, మోడళ్లూ ఉచితమే, లోపలి లెక్కలన్నీ చదువుకోవచ్చు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది, పాత కంప్యూటర్‌ను కూడా మరీ ఏడిపించదు. దీనిలోని యాసిమ్ అనే ఎగురుడు లెక్కకు రోటర్ అంటే ఏమిటో తెలుసు. మోడల్ ఫోల్డరులో పేరు చివర 'సెట్' అని ఉన్న ఫైలు తెరిస్తే ఏ లెక్క వాడారో రాసి ఉంటుంది. యాసిమ్ అని ఉంటే ఆ లెక్క ఫైలులో 'రోటర్' అనే పదం కోసం వెతకండి. కనిపిస్తే సగం నమ్మకం కుదిరినట్టే. విమానం ఎక్కకుండానే ఇంత తెలుసుకునే వీలు ఇలా మరెక్కడా లేదు.

ఇక్కడ ఇద్దరిలో ఒకరు చిక్కుకునే చోట్లు రెండున్నాయి. లాంచర్‌లో విమానాల జాబితా చూసి "ఆటోజైరోలే లేవు" అంటారు. తక్కువ మార్కులున్న మోడళ్లను దాచిపెట్టే వడపోత అందులో ఉంటుంది. దాన్ని తీసేసి మళ్లీ వెతకండి. రెండోది, జిప్ రూపంలో దింపుకున్న మోడల్ తెరిస్తే రోటర్ ఒక్కటే గాల్లో వేలాడుతుంది, లేదా అసలేమీ కనిపించదు. ఫోల్డరు పేరు చివర 'మాస్టర్' అని అదనంగా చేరి ఉంటుంది, లోపలి ఫైళ్లు పాత పేరుతోనే వెతుక్కుంటుంటాయి. ఆ తోక తీసేస్తే సరిపోతుంది. నేను ఈ రెండో దానితో ఒక ఆదివారం మధ్యాహ్నమంతా గడిపాను.

ఇంజిన్ ఆపి చూసే పరీక్షకు ఫ్లైట్‌గేర్ ఇచ్చే సదుపాయం నాకు చాలా ఇష్టం. డీబగ్ మెనూలో ప్రాపర్టీ బ్రౌజర్ తెరిచి రోటర్ చుట్ల అంకెను పక్కన పెట్టుకుని ఎగరవచ్చు. వేసవి సెలవుల్లో వచ్చిన మా మేనల్లుడు పక్కన కూర్చుని చూస్తుండగా పదిహేను వందల అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆపేశాను. వాడు అంకెనే చూస్తున్నాడు. "మామయ్యా, ఇంజిన్ ఆగిపోయింది కదా, మరి ఇది ఎందుకు తగ్గడం లేదు?" అన్నాడు. ఆ ప్రశ్న పుట్టించగలిగిన మోడల్ మంచి మోడల్. లోటల్లా ఒక్కటే: యాసిమ్ రోటర్ ఎలా నడుస్తుందనేది మోడల్ చేసినవారు ఇచ్చిన అంకెల మీద ఆధారపడుతుంది, ఆ అంకెలు ఒక్కోసారి హెలికాప్టర్ నుంచి అరువు తెచ్చినవై ఉంటాయి. అలాంటి మోడల్లో రోటర్ తిరుగుతుంది గాని, తక్కువ వేగంలో నిజం జైరోకు ఉండే బరువు చేతికి తెలియదు.

ఆ బరువు నాకు తెలిసింది ఎక్స్-ప్లేన్‌లో. ఈ సిమ్యులేటర్ రెక్కను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మీద గాలి ఎంత బలంతో, ఏ కోణంలో తగులుతోందో ప్రతి క్షణమూ లెక్క కడుతుంది. రోటర్‌కూ అదే పద్ధతి. ఎదురొచ్చే రెక్కకూ వెనక్కి పోయే రెక్కకూ మధ్య తేడాను ఎవరూ విడిగా రాయనక్కర్లేదు, లెక్కలోంచే పుడుతుంది. 8.4 మీటర్ల రోటర్ నిమిషానికి 360 చుట్లు తిరిగితే రెక్క కొన గంటకు 570 కిలోమీటర్ల వేగంతో పోతుంది, మొదలు దాదాపు కదలదు. అంత తేడా ఉన్న వస్తువును ముక్కలుగా చూడకుండా ఒకే రెక్కగా చూస్తే ఏం మిగులుతుంది?

ఎక్స్-ప్లేన్‌లో సెట్టింగ్స్‌లోని డేటా అవుట్‌పుట్‌కు వెళ్లి ప్రొపెల్లర్, రోటర్ చుట్ల వరుసను కాక్‌పిట్‌లో కనిపించేలా పెట్టుకోండి. జాయ్‌స్టిక్ సెట్టింగ్స్‌లో 'ప్రీ-రొటేట్' అని వెతికి ఒక బటన్‌కు తగిలించండి. ఈ పని చేయక "నా జైరో లేవడం లేదు" అని మోడల్‌ను తీసేసినవారు నాకు తెలుసు. తర్వాత బ్రేకు పట్టి, రోటర్ తిప్పి, స్టిక్ వెనక్కి లాగి కదలండి. పరుగులో అంకె మెల్లగా పైకి పాకుతుంది, ముందు చక్రం లేస్తుంది. అక్కడ ముక్కును కొద్దిగా దించి వేగం పెరగనివ్వాలి. తొందరపడి అలాగే లాగితే యంత్రం నేలకు మూడు నాలుగు అడుగుల ఎత్తులో వేలాడుతుంది, ఎంత థ్రాటిల్ ఇచ్చినా పైకి పోదు. జైరో నేర్చుకునేవారికి గురువులు మొదట చెప్పే జాగ్రత్త ఇదే. సిమ్యులేటర్ దాన్ని నేర్పిందంటే నాకంతకన్నా ఏం కావాలి?

దీని కష్టాలూ ఉన్నాయి. ఇది డబ్బు పెట్టి కొనాలి. కొనే ముందు ఉచిత డెమో దింపుకుని మీ కంప్యూటర్ మోస్తుందో లేదో చూసుకోండి. ఉచిత జైరోల్లో చాలావి పాత కూర్పుల కాలంలో చేసినవి. ఫోల్డరును 'ఎయిర్‌క్రాఫ్ట్' ఫోల్డరులో వేశాక మోడల్ తెరుచుకోకపోతే, సిమ్యులేటర్‌తో పాటే వచ్చే ప్లేన్ మేకర్ అనే మోడల్ తయారీ ప్రోగ్రాంలో తెరిచి భద్రపరిచి మళ్లీ ప్రయత్నించండి. తెరుచుకున్నా రోటర్ మందకొడిగా ఉంటే అక్కడే రెక్కల కోణాన్ని అర డిగ్రీ చొప్పున తగ్గిస్తూ చూడవచ్చు. కోణం ఎక్కువైతే గాలి రోటర్‌ను తిప్పలేదు. అసలు ఫైలుకు నకలు తీసి పెట్టుకున్నాకే దీనికి పూనుకోండి.

ఎఫ్ఎస్ఎక్స్ వంశానికే చెందిన ప్రిపేర్3డి సిమ్యులేటర్ వాడేవారికి ఎఫ్ఎస్ఎక్స్ గురించి చెప్పిందే వర్తిస్తుంది. ఏరోఫ్లై లాంటి ఇతర సిమ్యులేటర్ల కోసం ఉచిత ఆటోజైరోల వేట మొదలుపెట్టమని నేను చెప్పను.

డబ్బు పెట్టలేని విద్యార్థి అడిగితే ఆలోచించకుండా ఫ్లైట్‌గేర్ అంటాను, యాసిమ్ రోటర్ ఉన్న మోడల్ చూసుకొమ్మంటాను. నది మీద విహారం కావాలంటే మైక్రోసాఫ్ట్ వారిది. జైరో ఎలా ఎగురుతుందో చేతులకు తెలియాలంటే ఎక్స్-ప్లేన్. నా బల్లకు బిగించిన జాయ్‌స్టిక్ మీద బొటనవేలి కింది బటన్ ప్రీ-రొటేటర్‌కే కేటాయించి ఏడాది దాటింది.