అమెరికా జీతమా, జర్మనీ టైమా: ఏది మేలు?

ఉద్యోగానికి అమెరికా, జర్మనీల్లో ఏది మేలు అని అడిగేవాళ్ళు చాలామంది ఏడాది జీతం అంకెలు పక్కపక్కన పెట్టి చూసి అక్కడితో ఆపేస్తారు. ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సంస్థ) లెక్కల్లో ధరల తేడా సర్దాక కూడా అమెరికా సగటు జీతం 80 వేల డాలర్ల దగ్గర, జర్మనీది 60 వేల పైచిలుకు, ఇంకేముంది అమెరికానే కదా అనేస్తారు. కానీ ఆ డబ్బు కోసం ఎన్ని గంటలు ఇచ్చాం, జ్వరం వచ్చిన రోజు జీతం వచ్చిందా లేదా, ఉద్యోగం పోతే మరుసటి నెల ఎలా గడుస్తుంది, ఇవేవీ ఆ అంకెలో కనపడవు. నా మాట ముందే చెప్పేస్తా: మామూలు జీతాల వాళ్ళకి జర్మనీ మేలు, మంచి స్కిల్ ఉండి కొన్నేళ్ళు గట్టిగా సంపాదించి వెనకేసుకోవాలి అనుకునేవాళ్ళకి అమెరికా మేలు. ఎందుకో చూద్దాం.

ముందు గంటల సంగతి. 2023లో ఒక్కో వర్కర్ సగటున పని చేసింది జర్మనీలో సుమారు 1,340 గంటలు, అమెరికాలో సుమారు 1,800. ఈ రెండు అంకెలు చూసి జర్మన్లు బద్ధకస్తులు అనేవాళ్ళూ ఉన్నారు, స్వర్గం అనేవాళ్ళూ ఉన్నారు, నాకైతే రెండూ తప్పే అనిపిస్తుంది. జర్మనీలో పార్ట్ టైమ్ చేసేవాళ్ళు చాలా ఎక్కువ, అందులో ఆడవాళ్ళే ఎక్కువ, వాళ్ళందరూ కలిసి ఆ సగటుని కిందకి లాగేస్తారు. పైగా పైన చెప్పిన సగటు జీతం ఫుల్ టైమ్ లెక్క, ఈ గంటలేమో అందరివీ కలిపినవి, కాబట్టి ఒకదాన్ని ఇంకోదానితో భాగించి గంటకి ఇంత అని చెప్తే నమ్మకండి.

ఫుల్ టైమ్ మనిషినే తీసుకుందాం, రెండు చోట్లా వారానికి 40 గంటలే అనుకుందాం. ఏడాదికి 2,080 గంటలు. జర్మనీలో 1963 నాటి సెలవుల చట్టం ప్రకారం వారానికి 5 రోజులు చేసేవాళ్ళకి కనీసం 20 రోజులు జీతంతో సెలవు ఇచ్చి తీరాలి, చాలా కంపెనీల్లో అది 28 నుంచి 30 దాకా ఉంటుంది, పండగ సెలవులు రాష్ట్రాన్ని బట్టి ఇంకో 10 నుంచి 13 దాకా. 30కి ఓ 10 కలిపితే 40 రోజులు, అంటే 320 గంటలు పోయి మిగిలేది 1,760. అమెరికాలో ప్రైవేట్ ఉద్యోగికి జీతంతో సెలవు ఇవ్వాలని ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే కేంద్ర) చట్టం లేనే లేదు, కంపెనీ ఇస్తే ఉన్నట్టు లేకపోతే లేనట్టు. 10 రోజుల సెలవు, 8 పండగలు ఇచ్చే కంపెనీ అనుకుంటే 1,936 గంటలు. తేడా 176 గంటలు, అంటే 22 పనిరోజులు. ఇద్దరికీ కాగితం మీద ఒకే 40 గంటల వారం ఉన్నా అమెరికాలో ఉన్నాయన ఏడాదిలో ఒక నెల ఎక్కువ పని చేస్తున్నాడు. జీతం పోల్చేటప్పుడు ముందు ఈ నెలని లెక్కలోకి తీసుకోండి.

ఆ 40 గంటలు కూడా ఒకేలా గడవవు. జర్మనీలో 1994 చట్టం ప్రకారం రోజుకి 8 గంటలు, అవసరమైతే 10 దాకా లాగొచ్చు కానీ ఆరు నెలల సగటు మళ్ళీ 8కి రావాలి. ఒకరోజు పని అయ్యాక మళ్ళీ మొదలుపెట్టే లోపు 11 గంటల గ్యాప్ ఉండాలి, రాత్రి 11 దాకా కూర్చోబెట్టారంటే మర్నాడు పొద్దున 10 లోపు రమ్మనడానికి లేదు (హాస్పిటళ్ళు, హోటళ్ళ లాంటి చోట్ల కొన్ని మినహాయింపులు ఉన్నాయి లెండి). అమెరికాలో 1938 చట్టం పెద్దవాళ్ళు రోజుకి ఎన్ని గంటలు చేయాలో పరిమితి పెట్టలేదు, వారానికి 40 దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వమంది, అది కూడా ఓవర్‌టైమ్ వర్తించే ఉద్యోగాలకే. గంటల లెక్కన పనిచేసేవాళ్ళకి ఇది నిజంగా మంచి డబ్బు, ఓపిక ఉన్నవాళ్ళు ఓవర్‌టైమ్ మీదే బాగా సంపాదిస్తారు. నెల జీతం మీద ఉండే సాఫ్ట్‌వేర్, మేనేజర్ ఉద్యోగాలు మాత్రం చాలావరకు ఆ చట్టం బయటే, వారానికి 55 గంటలు చేసినా అదే చెక్కు.

కనీస వేతనం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అమెరికా ఫెడరల్ రేటు గంటకి 7.25 డాలర్లు, 2009 జులై నుంచి కదల్లేదు. టిప్స్ వచ్చే ఉద్యోగాల్లో యజమాని నేరుగా ఇవ్వాల్సింది 2.13 మాత్రమే, టిప్స్‌తో కలిపి 7.25 రాకపోతే మిగతాది వేయాలి. జర్మనీలో 2015లో 8.50 యూరోలతో మొదలైంది, 2026లో 13.90 అయింది. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాలు సొంతంగా 16 డాలర్ల పైనే పెట్టుకున్నాయి కాబట్టి అమెరికా అంతా 7.25 అనడం కరెక్ట్ కాదు, కానీ టెక్సాస్ లాంటి చోట్ల చట్టం ప్రకారం ఇప్పటికీ అదే. వారానికి 40 గంటల చొప్పున ఏడాదంతా లెక్కేస్తే 15,080 డాలర్లు, జర్మనీలో 28,912 యూరోలు, పైగా అందులో సెలవు రోజుల జీతం కూడా కలిసే ఉంది. కింది మెట్టు మీద పోలికే లేదు.

ఇప్పుడు జర్మనీలో గుండె కలుక్కుమనే విషయం, పే స్లిప్. పెళ్ళికాని మనిషికి నెలకి 4,000 యూరోలు గ్రాస్ (కోతలకి ముందు జీతం) అనుకోండి, అందులో పెన్షన్‌కి 9.3 శాతం, హెల్త్ ఇన్సూరెన్స్‌కి 8 శాతం పైన, నిరుద్యోగ బీమాకి 1.3, ముసలితనంలో చూసుకునే కేర్ ఇన్సూరెన్స్‌కి కొంత, ఆ పైన ఇన్‌కమ్ ట్యాక్స్, చివరికి బ్యాంకులో పడేది 2,600 చుట్టుపక్కల. మొదటి స్లిప్ చూసి చాలామంది నీరుగారిపోతారు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (ముసలివాళ్ళ వైద్య బీమా) కలిపి 7.65 శాతం, ఫెడరల్ ట్యాక్స్, రాష్ట్రాన్ని బట్టి ఇంకొంత (టెక్సాస్, ఫ్లోరిడాల్లో జీతం మీద స్టేట్ ట్యాక్స్ లేదు), చేతికి వచ్చేది కచ్చితంగా ఎక్కువ.

కానీ కోత పడిన ఆ డబ్బు ఎటు పోయిందో కూడా చూడాలి కదా. జర్మనీలో జబ్బు చేస్తే కొత్త ఉద్యోగంలో మొదటి నాలుగు వారాలు దాటాక ఆరు వారాలు కంపెనీ పూర్తి జీతం ఇస్తుంది, ఆ తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళు గ్రాస్‌లో 70 శాతం దాకా ఇస్తారు. సెలవు మీద ఉండగా జబ్బు పడి డాక్టర్ సర్టిఫికెట్ తెస్తే ఆ సెలవు రోజులు మీ ఖాతాలోకి వెనక్కి వచ్చేస్తాయి, నాకు అన్నిటికన్నా నచ్చిన రూల్ ఇదే, సెలవు అంటే విశ్రాంతికి అని నిజంగా నమ్మినవాళ్ళే ఇలా రాయగలరు. అమెరికాలో జీతంతో సిక్ లీవ్ ఇవ్వాలని ప్రైవేట్ ఉద్యోగులందరికీ వర్తించే ఫెడరల్ చట్టం లేదు, కొన్ని రాష్ట్రాల్లోనే ఉంది. 1993 చట్టం బిడ్డ పుట్టినా పెద్ద జబ్బు చేసినా 12 వారాలు సెలవు ఇమ్మంది కానీ జీతం ఇమ్మనలేదు, అది కూడా 50 మంది ఉన్న కంపెనీల్లో ఏడాది పూర్తయిన వాళ్ళకే. ఇన్సూరెన్స్ ఉన్నా డిడక్టిబుల్ (బీమా మొదలయ్యే ముందు మనం కట్టేది) అని కో పే (ప్రతిసారీ మన వాటా) అని మన జేబులోంచి పోతూనే ఉంటుంది, 2025లో మార్కెట్‌ప్లేస్ ప్లాన్లలో (కంపెనీ ద్వారా కాకుండా సొంతంగా కొనుక్కునేవి) ఒక మనిషి ఏడాదికి పెట్టుకోవాల్సింది 9,200 డాలర్ల దాకా వెళ్ళొచ్చు. ఆరోగ్యంగా ఉన్న ఏడాది అమెరికా జీతం నిజంగానే పెద్దది, ఇంట్లో ఒకరికి పెద్ద ఆపరేషన్ పడిన ఏడాది ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది.

అయినా సీనియర్ ఇంజనీర్లకీ, స్పెషలిస్ట్ డాక్టర్లకీ అమెరికా ఇచ్చే జీతాన్ని జర్మనీ అందుకోలేదు, ఇది ఒప్పుకోవాల్సిందే. ఆ స్థాయిలో 22 రోజులు ఎక్కువ పని చేసినా, మెడికల్ బిల్లు కట్టినా ఇంకా బోలెడు మిగులుతుంది. పిల్లలు లేని, ఆరోగ్యం బాగున్న ముప్పై లోపు వాళ్ళకి మంచి ఆఫర్ ఉంటే అమెరికానే వెళ్ళమంటాను. ఇద్దరు చిన్నపిల్లలు ఉండి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పనిచేయాలి అనుకుంటే మాత్రం జర్మనీ: చేతికొచ్చే జీతంలో 65 శాతం చొప్పున నెలకి 1,800 యూరోల దాకా పేరెంట్స్ అలవెన్స్, ఏడాది నిండిన బిడ్డకి డేకేర్ చట్టపరమైన హక్కు. పెద్ద ఊళ్ళలో ఆ సీటు దొరకడం కష్టమే, అయినా హక్కు ఉండటం వేరు, అసలు లేకపోవడం వేరు.

బయటి నుంచి వెళ్ళేవాళ్ళకి ఇంకో తేడా ఉంది. హెచ్ వన్ బీ (అమెరికా వర్క్ వీసా) మీద ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల లోపు ఇంకో స్పాన్సర్ దొరకాలి లేదా స్టేటస్ మార్చుకోవాలి, కాకపోతే దేశం వదలాలి, మన దేశంలో పుట్టినవాళ్ళకి గ్రీన్ కార్డ్ క్యూ ఎన్నేళ్ళో అందరికీ తెలిసిందే. జర్మనీ బ్లూ కార్డ్ (చదువుకున్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే పర్మిట్) మీద బీ వన్ స్థాయి (రోజువారీ సంగతులు మాట్లాడగలిగేంత) జర్మన్ వస్తే 21 నెలలకే పర్మనెంట్ రెసిడెన్స్‌కి అప్లై చేసుకోవచ్చు, ఏడాదిపాటు నిరుద్యోగ బీమా కట్టి ఉంటే ఉద్యోగం పోయాక పాత నెట్ (చేతికొచ్చే) జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం కొన్ని నెలలపాటు వస్తుంది. కాకపోతే భాష నేర్చుకోక తప్పదు, ఇంగ్లిష్‌తో నెట్టుకొచ్చే ఆఫీసులు ఉన్నా జీతం పెరగాలంటే, పై పోస్టుకి వెళ్ళాలంటే జర్మన్ అడుగుతారు, దానికి రెండేళ్ళ సాయంత్రాలు పోతాయని ముందే అనుకుని వెళ్ళండి. రెండు ఆఫర్లు చేతిలో ఉన్నవాళ్ళు జీతం మీద బేరం మొదలుపెట్టే ముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: జీతంతో సెలవు ఎన్ని రోజులు, ఓవర్‌టైమ్‌కి డబ్బు ఉందా లేదా, హెల్త్ ప్లాన్‌లో ఏడాదికి నా జేబులోంచి గరిష్ఠంగా ఎంత పోతుంది.